మంగోలుల పేర్లలో వజ్రం, మన కొలువుల్లో మంగోలు మాట

2021 నుంచి మంగోలియా అధ్యక్షుడిగా ఉన్న నాయకుడి పేరు ఉఖ్నాగీన్ ఖురెల్‌సుఖ్. పేరు ముందు ఇంటిపేరు పెట్టుకునే అలవాటున్న తెలుగువాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించదు. ఉఖ్నాగీన్ వారి అబ్బాయి ఖురెల్‌సుఖ్ అనుకుని ముందుకు వెళ్ళిపోతాం. కానీ ఉఖ్నా ఆయన తండ్రి పేరు. చివరనున్న ‘గీన్’ షష్ఠీ విభక్తి. అంటే ‘ఉఖ్నా యొక్క ఖురెల్‌సుఖ్’ అని అర్థం. అక్కడి పత్రికలు దీన్ని ‘ఉ. ఖురెల్‌సుఖ్’ అని కుదించి రాస్తాయి. చూడటానికి మన పొడి అక్షరాల పద్ధతిలాగే ఉన్నా, ఆ పొడి అక్షరం వంశానిది కాదు, తండ్రిది. ఈ విషయంలో మంగోలులు మనకంటే తమిళులకు దగ్గర. అంతర్జాతీయ వార్తల్లో అప్పుడప్పుడు ‘అధ్యక్షుడు ఉఖ్నా’ అని కనిపిస్తుంటుంది. అది ఆయన తండ్రిని అధ్యక్షుణ్ణి చేయడమే. మంగోలియాలో మనిషికి ఉన్నది ఒక్కటే పేరు. మర్యాదగా పిలిచినా, చనువుగా పిలిచినా, టెలిఫోన్ పుస్తకంలో వరుసపెట్టినా లెక్కలోకి వచ్చేది అదే.

ఈ పద్ధతిలో ఇంటిల్లిపాదికీ ఒకే ‘ఇంటిపేరు’ ఉండే వీలు లేదు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కుస్తీలో రజతం గెలిచిన వస్తాదు పేరు జిగ్జిదీన్ మోంఖ్‌బత్. ఆయన కొడుకు జపాన్ సుమో చరిత్రలో అత్యధికంగా 45 టోర్నమెంట్లు గెలిచి హకుహో అనే రంగస్థల నామంతో ప్రసిద్ధుడయ్యాడు. అతని అసలు పేరు మోంఖ్‌బతీన్ దవాజర్గల్. తాత పేరు తండ్రి దగ్గరే ఆగిపోయింది, తండ్రి పేరు కొడుకు ముందుకు వచ్చింది. ఒక తరం దాటితే ముందున్న పేరు రాలిపోతుంది. పెళ్ళయిన ఆడపిల్ల పేరు మారదు, ఎందుకంటే భర్త తండ్రి ఆమెకు తండ్రి కాడు గదా. దాంతో భార్య, భర్త, పిల్లలు ముగ్గురికీ ముగ్గురి పేర్లు ముందుంటాయి. ఇంటిపేరు గళ్ళున్న విదేశీ దరఖాస్తుల దగ్గర ఇలాంటి కుటుంబం తాము ఒకే ఇంటివాళ్ళమని వివరించుకోవాల్సి వస్తుంది.

తండ్రి పేరే ఉండి తీరాలన్న నియమం కూడా లేదు. తల్లి ఒక్కతే పెంచిన బిడ్డ ముందు తల్లి పేరు చేరుతుంది. 1930ల నుంచి 1952లో చనిపోయేదాకా దేశాన్ని ఉక్కుపిడికిట్లో పెట్టిన చోయిబల్సాన్ పూర్తి పేరు ఖోర్లోగీన్ చోయిబల్సాన్. ఖోర్లో అతని తల్లి. 1990లో ఏకపార్టీ పాలన ముగిశాక దేశానికి తొలి అధ్యక్షుడైన పున్సల్మాగీన్ ఒచిర్‌బత్ పేరులోని పున్సల్మా కూడా తల్లి పేరే. ఒక నియంత, ఒక ప్రజాస్వామ్య అధ్యక్షుడు ఇద్దరూ తల్లి పేరుతోనే చరిత్రకెక్కారు. ఆ దేశంలో దాన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు.

మరి వంశనామాలు అసలే లేవా అంటే, ఉండేవి. పాత మంగోలు సమాజంలో తండ్రివైపు వంశాన్ని ‘యసున్’ అనేవారు, అంటే ఎముక. ఒకే ఎముక వాళ్ళు పెళ్ళి చేసుకోకూడదు. మన సగోత్ర నిషేధం లాంటిదే ఇది. చెంగిజ్ ఖాన్ తల్లి ఓఎలున్ ఒల్ఖోనూద్ పిల్ల, భార్య బోర్తె ఒంగిరాత్ పిల్ల, ఆయన బోర్జిగిన్. అందువల్ల వంశమేదో తెలియడం గొప్ప కోసం మాత్రమే కాదు, సంబంధాలు కలుపుకోవడానికి కూడా అవసరం. 1921 విప్లవం తర్వాత కొత్త ప్రభుత్వం 1925లో ఈ వంశనామాల వాడకాన్ని రద్దు చేసింది. కారణం ఊహించడం కష్టం కాదు. బోర్జిగిన్ అన్న ఒక్క మాట చాలు, ఎవరు దొరో ఎవరు రైతో తేలిపోవడానికి. దొరతనాన్ని కూల్చాలంటే దాని చిరునామా చెరిపేయాలని పాలకులు అనుకున్నారు. వంశావళి పత్రాలు దాచుకోవడమే ప్రమాదమైన కాలం తర్వాత వచ్చింది. రెండు మూడు తరాలు గడిచేసరికి ఎక్కువమందికి తమ వంశమేదో గుర్తే లేకుండా పోయింది.

1997లో ప్రభుత్వం వంశనామం తప్పనిసరి అని చట్టం చేసినప్పుడు ఈ మరుపు బయటపడింది. తెలియని ముత్తాతల పేరు ఎక్కడ వెతకాలి? చాలామంది సులువైన దారి పట్టి బోర్జిగిన్ అని రాయించుకున్నారు. దేశంలో సగం మంది చెంగిజ్ ఖాన్ వారసులయ్యారా అని అక్కడివాళ్ళే నవ్వుకునే స్థితి వచ్చింది. ఇంకొందరు తాతల వృత్తినో, ఊరి పక్క కొండనో, తమకు ఇష్టమైన మాటనో వంశనామంగా పెట్టుకున్నారు. 1981లో సోవియట్ నౌకలో అంతరిక్షానికి వెళ్ళిన తొలి మంగోలు వ్యోమగామి జుగ్దెర్దెమిదీన్ గుర్రగ్చా, తర్వాత రక్షణమంత్రి కూడా అయినవాడు, ‘సన్సర్’ అనే వంశనామం ఎంచుకున్నాడు. మంగోలు భాషలో సన్సర్ అంటే అంతరిక్షం. ఆ మాట మూలం సంస్కృత ‘సంసార’. భవసాగరం, జననమరణ చక్రం అనే అర్థంలో బౌద్ధంతో పాటు వెళ్ళి, అక్కడ విశ్వమై, చివరికి రోదసి అయింది. మన దగ్గరేమో అదే మాట పెళ్ళాం పిల్లల దగ్గర ఆగింది. ఇంత శ్రమా పడి తెచ్చిన వంశనామాలు ఇప్పటికీ గుర్తింపు కార్డుల్లోనే ఉన్నాయి, నాలుక మీదికి రాలేదు. చట్టం చేసి చెరిపినంత తేలికగా చట్టం చేసి తిరిగి రాయలేరని ఈ ఉదంతం చూపిస్తుంది.

సన్సర్ ఒక్కటే కాదు. మంగోలు పేర్లను విప్పిచూస్తే భారతీయ పాఠకుడికి పరిచయమైన ముఖాలు అడుగడుగునా ఎదురవుతాయి. 1990 నుంచి దేశాన్నేలిన ఆరుగురు అధ్యక్షుల పేర్లు వరుసగా చూడండి. ఒచిర్‌బత్ అంటే దృఢమైన వజ్రం. బగబంది అంటే చిన్న భిక్షువు. ఎంఖ్‌బయార్ శాంతి, సంతోషాల కలయిక. ఎల్బెగ్‌దోర్జ్ సమృద్ధమైన వజ్రం. బత్తుల్గా అంటే దృఢమైన పొయ్యి, అంటే గుడారం నడుమ కుండను మోసే ముక్కాలి ఇనుప పొయ్యి. ఖురెల్‌సుఖ్ అంటే కంచు గొడ్డలి. ఆరు పేర్లలో రెండు వజ్రాలున్నాయి. కానీ ఒకచోట అది ‘ఒచిర్’, మరోచోట ‘దోర్జ్’.

ఈ రెండు రూపాల వెనక రెండు దారులున్నాయి. మంగోలులకు బౌద్ధం మొదట పశ్చిమాన ఉన్న ఉయిఘుర్ల ద్వారా పరిచయమైంది. ఆ దారిలో సంస్కృత వజ్రం అరిగి ఒచిర్ అయింది, రత్నం ‘ఎర్దెనె’ అయింది, పుణ్యం ‘బుయన్’ అయింది. 16వ శతాబ్దం చివరిలో టిబెటన్ బౌద్ధం రెండోసారి, ఈసారి వరదలా వచ్చింది. టిబెటన్ లామాలు సంస్కృత పదాలను అనువదించి వాడేవాళ్ళు. అలా వజ్రం ‘దోర్జ్’గా, రత్నం ‘రించెన్’గా, పుణ్యం ‘సొద్నోమ్’గా మళ్ళీ వచ్చాయి. మంత్రాల్లోనూ, దీక్షానామాల్లోనూ మాత్రం సంస్కృత పదాన్ని అలాగే ఉంచి టిబెటన్ ఉచ్చారణలో పలికేవారు. దాంతో మూడో రూపం పుట్టింది. వజ్రం ‘బజర్’, రత్నం ‘రద్నా’. ఖల్ఖా మంగోలుల తొలి మతాచార్యుడు, శిల్పి, 1686లో సొయొంబొ లిపిని రూపొందించిన జనబజర్ పేరు జ్ఞానవజ్ర. ఆ లిపి పేరు కూడా స్వయంభూ నుంచి వచ్చిందే. ఒకే వీధిలో ఒచిర్, దోర్జ్, బజర్ అనే ముగ్గురు పిల్లలు ఆడుకుంటుంటే ముగ్గురి పేరూ ఒకటేనని వాళ్ళకు తెలిసే అవకాశం తక్కువ.

దేవతలూ అంతే. ‘దమ్దిన్’ అంటే హయగ్రీవుడు. 1921 విప్లవ నాయకుడు దమ్దిని సుఖ్‌బాతర్ పేరు విడదీస్తే ‘హయగ్రీవుడి కొడుకు గొడ్డలివీరుడు’ అని వస్తుంది. మతాన్ని వెలివేసిన రాజ్యం జాతిపితగా కొలిచిన మనిషి పేరు ముందు ఒక ఉగ్రదేవత పేరు చివరిదాకా ఉండిపోయింది. ‘దోల్గోర్’ శ్వేత తార, ‘జమ్యాన్’ మంజుఘోషుడు, ‘మైదర్’ మైత్రేయుడు, ‘గొంబొ’ మహాకాలుడు. జపాన్‌లో అసషోర్యూగా పేరు మోసిన సుమో యోధుడి సొంత పేరు దోల్గోర్సురెంగీన్ దగ్వాదోర్జ్. అందులోని దోల్గోర్సురెన్ అంటే శ్వేత తార కాపాడిన మనిషి.

పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టడం మరో పద్ధతి. ఆదివారానికి న్యామ్, సోమవారానికి దవా, మంగళవారానికి మ్యాగ్మర్, బుధవారానికి ల్ఖాగ్వ, గురువారానికి పురెవ్, శుక్రవారానికి బాసన్, శనివారానికి బ్యాంబ. ఇవి టిబెటన్ మాటలు. మంగోలియాలో వీటిలో ఏదో ఒకటి లేని తరగతి గది ఉండదేమో. హకుహో పేరులోని దవా ఇదే, దానికి సంతోషం అనే అర్థమున్న ‘జర్గల్’ తోడైంది. వీటికి వెనక ఇంకో పాత వరుస ఉంది. అదియా, సుమియా, అంగరగ్, బుద్, బర్ఖస్‌బది, సుగర్, సంచిర్. చదువుతుండగానే తెలుగు పాఠకుడు గుర్తుపడతాడు. ఆదిత్య, సోమ, అంగారక, బుధ, బృహస్పతి, శుక్ర, శనైశ్చర. నేటి మంగోలు ఖగోళశాస్త్ర పుస్తకాల్లో అంగారక గ్రహం అంగరగే, శుక్రుడు సుగరే. అదియా, సుగర్, అంగరగ్ మనుషుల పేర్లుగానూ వినిపిస్తాయి. ఉలాన్‌బాతర్ బడిలో గ్రహాల పేర్లు వల్లెవేసే పిల్లల మాట తెలుగు పంతులుగారికి అనువాదం లేకుండానే అర్థమవుతుందన్నమాట.

స్వచ్ఛమైన మంగోలు పేర్లు ఎక్కువగా గట్టిదనం చుట్టూ, వెలుగు చుట్టూ తిరుగుతాయి. బత్ దృఢం, బోల్ద్ ఉక్కు, తొమొర్ ఇనుము, చులూన్ రాయి, సుఖ్ గొడ్డలి, మోంఖ్ శాశ్వతం. ఇవి మగపిల్లలవి. సెత్సెగ్ పువ్వు, నరన్‌తుయా సూర్యకిరణం, సొలొంగొ ఇంద్రధనుస్సు, ఒయూన్ మేధ ఆడపిల్లలవి. ఈ మాటలను కావలసినట్టు జతకట్టుకోవచ్చు కాబట్టి తల్లిదండ్రులకు కొత్త పేరు తయారుచేసుకోవడం సులువు. జతలో ఒకటి మంగోలు, ఒకటి టిబెటన్ అయినా అభ్యంతరం లేదు. ఎల్బెగ్‌దోర్జ్ అలాంటి సంకరమే. టిబెటన్ ‘మా’ చేర్చితే ఏ పేరైనా స్త్రీలింగమవుతుంది. స్ఫటికానికి బొలోర్ అంటారు, అమ్మాయి పేరు బొలోర్మా.

అందమైన పేర్ల పక్కన ఉద్దేశపూర్వకంగా పెట్టిన వికారపు పేర్లూ ఉన్నాయి. నెర్గూయ్ అంటే పేరులేనివాడు. ఎనెబిష్ అంటే ఇతను కాదు. తెర్బిష్ అతను కాదు. ఖున్‌బిష్ మనిషి కాదు. మూనొఖొయ్ చెడ్డ కుక్క. వరసగా పిల్లలు పోతున్న ఇంట్లో పుట్టిన బిడ్డకు ఇలాంటి పేరు పెడితే, వెతుక్కుంటూ వచ్చిన దుష్టశక్తి గందరగోళపడి వెళ్ళిపోతుందని నమ్మకం. ఎవరికోసం వచ్చావని అడిగితే ‘ఇతను కాదు’ అని పేరే జవాబు చెబుతుంది. పురిట్లో పిల్లలు దక్కని ఇళ్ళలో పెంటయ్య, పిచ్చయ్య అని పేర్లు పెట్టిన తెలుగు పల్లెలకు ఈ తర్కం విడమర్చి చెప్పక్కర్లేదు. అయితే మన పూర్వీకులు బిడ్డ విలువను తగ్గించి చూపితే, వాళ్ళు బిడ్డ ఉనికినే కాదన్నారు. మృత్యువుకు తప్పుడు చిరునామా ఇవ్వడం ఇంకొంచెం తెలివైన పని.

సోవియట్ కాలం తన పేర్లను తాను తెచ్చింది. ఒక్త్యాబ్ర్, మార్త్ అని నెలల పేర్లు, మార్క్స్ ఎంగెల్స్ లెనిన్ స్టాలిన్‌ల తొలి అక్షరాలు కలిపిన ‘మెల్స్’, సోవియట్ యూనియన్ పొడి అక్షరాల నుంచి ‘సెసేర్’ పుట్టాయి. ఇవి పెద్దగా వ్యాపించలేదు. చెంగిజ్ పేరు మాత్రం ఆ రోజుల్లో ముట్టుకుంటే కాలేది. 1962లో ఆయన 800వ జయంతిని జరపడానికి పూనుకున్నందుకు పార్టీ అగ్రనాయకుడు దరామీన్ తొమొర్-ఒచిర్‌ను పదవి నుంచి తప్పించారు. ఇనుప వజ్రం అని అతని పేరుకు అర్థం. విచిత్రమేమంటే, సోషలిస్టు యుగపు ఆఖరి పెద్ద జంబీన్ బత్‌మోంఖ్ పేరు, చీలిపోయిన మంగోలులను 15వ శతాబ్దం చివర ఒకటి చేసిన చెంగిజ్ వంశపు ఖాన్ సొంత పేరు ఒకటే. ఆ ఖాన్‌ను చరిత్ర దయన్ ఖాన్ అనే బిరుదుతో గుర్తుపెట్టుకుంది కాబట్టి పార్టీకి పట్టింపు రాలేదు. 1990 తర్వాత తెముజిన్, తెమూలెన్ అనే పేర్లు ఊయలల్లోకి ధారాళంగా తిరిగొచ్చాయి.

తెముజిన్ అన్నది చెంగిజ్ పుట్టినప్పుడు పెట్టిన పేరు. తండ్రి యెసుగెయ్ బాతర్ అప్పుడే బంధించి తెచ్చిన తాతారు వీరుడి పేరే కొడుక్కి పెట్టాడు. 1206లో ఒనాన్ నది ఒడ్డున జరిగిన మహాసభ అతణ్ణి చెంగిజ్ ఖాన్‌గా ప్రకటించింది. చెంగిజ్ అనే మాటకు అర్థమేమిటన్న దానిపై పండితులు ఇప్పటికీ ఏకీభవించలేదు. పుట్టు పేరుకూ బిరుదుకూ మధ్య మంగోలులు గీసిన గీత ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. పేరు తల్లిదండ్రులిచ్చేది, బిరుదు సభ ఇచ్చేది. బిరుదు దక్కాక పుట్టు పేరు పలకడం అమర్యాద, చనిపోయాక పలకడం నిషేధం. చెంగిజ్ చిన్నకొడుకు తొలుయ్ 1232లో చనిపోయినప్పుడు, అతని పేరును పోలి ఉందని అద్దానికి మంగోలు మాట అయిన ‘తొలి’ని కూడా జనం మానేసి తురుష్క పదం వాడారని 14వ శతాబ్దపు పారశీక చరిత్రకారుడు రషీదుద్దీన్ రాశాడు. ఒక మనిషి పోతే భాషలోంచి ఒక వస్తువు పేరు పోయింది. కోడలు మామగారి పేరు పలకకూడదన్న కట్టుబాటు కూడా ఈ కోవలోదే.

బిరుదుల్లోకెల్లా ఖరీదైనది ఖాన్. చెంగిజ్ రక్తం లేనివాడు దాన్ని ధరించడానికి వీల్లేదని గడ్డిమైదానాల రాజనీతి. పశ్చిమ మంగోలులైన ఓయిరాత్‌ల నాయకుడు ఎసెన్ 1449లో ఏకంగా చైనా మింగ్ చక్రవర్తినే బందీగా పట్టుకున్నాడు. అంతటివాడు కూడా చైనా నుంచి అరువుతెచ్చుకున్న ‘తైషి’ అనే బిరుదుతో సరిపెట్టుకోవలసి వచ్చింది. 1453లో తెగించి ఖాన్‌నని ప్రకటించుకున్నాడు, కొద్దికాలానికే సొంతవాళ్ళ తిరుగుబాటులో ప్రాణం పోగొట్టుకున్నాడు. తైమూర్ ఇంకాస్త జాగ్రత్తపరుడు. చెంగిజ్ వంశపు రాకుమారిని పెళ్ళాడి ‘గురెగెన్’, అంటే అల్లుడు, అనే బిరుదు పెట్టుకున్నాడు. మధ్య ఆసియా మొత్తాన్ని గడగడలాడించిన మనిషి అధికారిక హోదా ఇల్లరికపు అల్లుడి లాంటిది. ఢిల్లీ మొగలాయిలు తమ వంశాన్ని ‘గుర్కానీ’ అని చెప్పుకోవడం ఈ అల్లుడి బిరుదు వల్లనే. అక్కడ ప్రాణాలు తీసిన ఖాన్ బిరుదు భారతదేశానికి వచ్చేసరికి సుల్తానులు, పాదుషాలు కొలువులో ఉన్నవాళ్ళకు పంచే సత్కారమై, చివరికి లక్షలమంది పేర్ల చివర స్థిరపడింది.

దక్కన్ దాకా ప్రయాణించిన మాటల్లో బహద్దూర్ ఇంకోటి. యెసుగెయ్ పేరు చివర ఉన్న ‘బాతర్’, పాత రూపంలో ‘బఘతుర్’, వీరుడు అని అర్థం. పారశీకంలో అది బహాదుర్ అయింది. మొగలాయిలు, నిజాములు, వాళ్ళ తర్వాత ఇంగ్లీషు దొరలు దాన్ని పంచిపెట్టారు. సంఘసంస్కర్త కందుకూరి వీరేశలింగం పంతులు ‘రావు బహద్దూర్’. కత్తి పట్టని పండితుడి పేరుకు ముందూ, ఉలాన్‌బాతర్ (అంటే ఎర్ర వీరుడు) నగరం పేరు చివరా ఉన్నది ఒకే మాట. మంగోలు సామ్రాజ్యం జయించిన ఊళ్ళ మీద పెట్టిన అధికారి ‘దరుగచి’. ముద్ర వేసేవాడని అర్థం. పర్షియాలో దరూగా అయి, మన దేశంలో పోలీసు దరోగాగా దిగింది.

వీటన్నిటికంటే రుచికరమైన కథ ‘నొకొర్’ది. 12వ శతాబ్దపు మంగోలు సమాజంలో తన వంశాన్ని వదిలి, ఇష్టపడి ఒక నాయకుడి వెంట నడిచే అనుచరుణ్ణి నొకొర్ అనేవారు. కుర్రవాడైన తెముజిన్ తన దొంగిలించబడ్డ గుర్రాల కోసం తిరుగుతుంటే ముక్కూముఖం తెలియని బోఒర్చు పాల బిందె అక్కడే పడేసి వెంట వెళ్ళాడు. అతనే తొలి నొకొర్, తర్వాత సామ్రాజ్యంలో మహాసేనానుల్లో ఒకడు. ఈ మాట పారశీకంలోకి వెళ్ళి ‘నౌకర్’ అయింది. ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చి నౌకరు, నౌకరీ అయింది. మంగోలియాలో ఉండిపోయిన మాట మాత్రం ‘నోఖోర్’గా 1921 తర్వాత కామ్రేడ్ అనే అర్థం తెచ్చుకుని, నాయకులందరి పేర్ల ముందూ కూర్చుంది. భర్తను కూడా నోఖోర్ అనే అంటారు. జీతానికి పనిచేసేవాడు, విప్లవ సహచరుడు, మొగుడు ఈ ముగ్గురూ ఒకే పూర్వీకుడి సంతానం. మొదటి నొకొర్‌కు జీతం లేదు, ఇష్టం మాత్రమే ఉంది. జీతం చేరింది దారిలోనే.

మతాచార్యుల బిరుదుల్లో ప్రపంచానికి బాగా తెలిసిన ‘దలై లామా’లోని దలై కూడా మంగోలు మాటే, సముద్రం అని అర్థం. 1578లో అల్తన్ ఖాన్ టిబెట్ ఆచార్యుడు సోనమ్ గ్యాత్సోకు ఈ బిరుదిచ్చాడు. గ్యాత్సో అంటే టిబెటన్‌లో సముద్రమే కనుక ఖాన్ ఆయన పేరులోని ముక్కనే తన భాషలో తిరిగి ఇచ్చాడన్నమాట. సముద్రం లేని రెండు దేశాలు కలిసి ఈ బిరుదు తయారుచేశాయి. 1911లో చైనా మంచూ సామ్రాజ్యం నుంచి విడిపోయినప్పుడు మంగోలులు తమ బౌద్ధ పీఠాధిపతినే బోగ్ద్ ఖాన్‌గా, అంటే పవిత్ర ఖాన్‌గా సింహాసనం మీద కూర్చోబెట్టారు. ఆయన పాలనాకాలానికి పెట్టిన పేరు ‘ఒల్నో ఓర్గోగ్ద్‌సొన్’, పలువురు కలిసి ఎన్నుకున్నవాడు. బౌద్ధ గాథల్లో ప్రజలు ఎన్నుకున్న మొదటి రాజు మహాసమ్మతుడి పేరుకు ఇది మంగోలు రూపం. 17వ శతాబ్దపు మంగోలు చరిత్రలు చెంగిజ్ వంశాన్ని టిబెట్ మీదుగా భారతదేశపు మహాసమ్మతుడిదాకా పొడిగించుకున్నాయి. అది చరిత్ర కాకపోవచ్చు గానీ, 20వ శతాబ్దంలో ఒక కొత్త రాజ్యం తన చట్టబద్ధతను అక్కడ వెతుక్కుంది. ఆ రాజ్యం వీరులకిచ్చిన బిరుదులు మాత్రం పాతకాలపు గుర్రపు రౌతులవే. ఖతన్‌బాతర్ మగ్సర్జవ్, మన్లైబాతర్ దమ్దిన్సురెన్ అని ఆ సేనానులను ఇప్పటికీ బిరుదుతో కలిపే పిలుస్తారు.

విప్లవం ఈ దొరల బిరుదులను కొట్టేసింది, కానీ బిరుదులివ్వడాన్ని మానలేదు. శ్రామిక వీరుడు, ప్రజా నటుడు, గౌరవ కళాకారుడు అంటూ కొత్త వరుస మొదలైంది. ‘శ్రామిక వీరుడు’ అన్నచోట వీరుడికి వాడిన మాట బాతరే.

రోజువారీ మర్యాదలకు ఈ రాజకీయాలతో పనిలేదు. పెద్దవాళ్ళను పేరు తర్వాత ‘గువాయ్’ చేర్చి పిలుస్తారు, మన ‘గారు’ లాగే. కాస్త దగ్గరితనం ఉంటే ‘అఖ్’ (అన్న), ‘ఎగ్చ్’ (అక్క). గురువును పేరుతో కాకుండా ‘బగ్షా’ అనే పిలవాలి. పెద్దలకు ‘తా’, సమవయస్కులకు ‘చీ’ అన్న తేడా మన మీరు, నువ్వులకు సరిపోతుంది. పేరు అడగడంలోనూ మర్యాద ఉంది. మామూలుగా పేరును ‘నెర్’ అంటారు, పెద్దవాళ్ళదైతే ‘అల్దర్’, అంటే కీర్తి, అని అడుగుతారు. రండి, దయచేయండి అనడానికి వాడే ‘మొరిల్నో ఊ’లో గుర్రం ఉంది. నడిచి వచ్చినా, కారులో దిగినా మర్యాదకు అతిథి గుర్రమెక్కి రావలసిందే.

బిరుదుల మోజు పూర్తిగా విప్పారేది జులైలో జరిగే నాదమ్ ఉత్సవంలో. జాతీయ స్థాయి కుస్తీలో 512 మంది పోటీపడతారు, తొమ్మిది రౌండ్లు. ఓడినవాడు ఇంటికి పోవాలి, బరువుల విభజన లేదు. ఐదు రౌండ్లు గెలిస్తే నచిన్ (డేగ), ఏడు గెలిస్తే జాన్ (ఏనుగు), చివరిదాకా నిలిచి గెలిస్తే అర్స్లన్ (సింహం). మళ్ళీ గెలిస్తే అవర్గ, అంటే మహాకాయుడు. ఈ మెట్ల మధ్య 2003లో రెండు కొత్త పక్షుల్ని చేర్చారు. ఆరు రౌండ్లకు ఖర్త్సగ (గద్ద), ఎనిమిదికి గరిద్. గరిద్ ఎవరో చెప్పనక్కర్లేదు, మన గరుత్మంతుడు. ఏనుగులు, సింహాలు తిరగని దేశంలో పెద్ద బిరుదులన్నీ దక్షిణం నుంచి దిగుమతైన జంతువులవే. ఏటా పైమెట్టు ఎక్కేకొద్దీ బిరుదుకు విశేషణాలు తోడవుతూ వస్తాయి. వస్తాదు పక్కన నిలబడే జసూల్ వాటన్నిటినీ గొంతెత్తి పాడినట్టు చదువుతాడు. పదకొండుసార్లు నాదమ్ గెలిచిన బద్మాన్యంబూగీన్ బత్-ఎర్దెనె బిరుదు చదవడానికి మంచి ఊపిరి కావాలి. ఆయన పేరు ముందు బద్మ ఉంది, అంటే పద్మం. చివర ఎర్దెనె ఉంది, రత్నం. 2013లో ఆయన అధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిపోయాడు, అవర్గ బిరుదు మాత్రం ఎన్నికలతో పోయేది కాదు.

గుర్రాలకూ బిరుదులున్నాయి. గెలిచిన గుర్రాన్ని ‘తుమ్నీ ఎఖ్’, పదివేలకు నాయకుడు, అని స్తుతిస్తారు. రెండేళ్ళ పిల్ల గుర్రాల పందెంలో అందరికంటే చివర వచ్చినదాన్ని కూడా ఊరికే వదలరు. దాన్ని ‘బయన్ ఖొదోద్’, నిండు కడుపుది, అని పిలిచి జనం ముందు పాట కట్టి పాడతారు. తప్పు గుర్రానిది కాదు, దారిది, ఎక్కిన పిల్లాడిది అని సర్ది చెప్పి, వచ్చే ఏడు ముందు వరసలో రమ్మని దీవిస్తారు.